బొమ్మలు నేర్చుకుంటూ మధ్యలో చెయ్యి ఆగిపోతే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిది నెలలుగా ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు డ్రాయింగ్ ప్రాక్టీసు చేశారు. మొదట పెట్టెలు, సిలిండర్లు, తర్వాత తలకాయలు, ఆ తర్వాత చేతులు. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. ఇప్పుడు మూడు వారాలుగా స్కెచ్‌బుక్ తెరవబుద్ధి కావడం లేదు. తెరిస్తే గుండె మీద బరువు పెట్టినట్టు ఉంటోంది, గీసిన ప్రతి గీతా తప్పే అనిపిస్తోంది. నాకసలు టాలెంట్ లేదేమో, బలవంతంగానైనా కూర్చోవాలా, మానేయాలా, డబ్బు కట్టిన ఆన్‌లైన్ కోర్సు గడువు రెండు నెలల్లో అయిపోతోంది, దాన్నేం చేయాలి అని అడిగారు.

నేను 24 ఏళ్లుగా హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. అంతకు ముందు ఐదేళ్లు వారపత్రికలకు కథల బొమ్మలు వేశాను. మీరిప్పుడున్న చోట నేనూ ఉన్నాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లోనూ చాలామంది సరిగ్గా అక్కడే ఆగారు. అలా ఆగినవాళ్లంతా బాగా కష్టపడేవాళ్లే. తోచినప్పుడు ఒక బొమ్మ వేసి పక్కన పడేసేవాళ్లకు ఈ బాధ రాగా నేను చూడలేదు.

బొమ్మల సంగతికి ముందు ఒక్క మాట. ఈ నీరసం డ్రాయింగ్ దగ్గరే ఉందా, అన్నిటికీ పాకిందా? రాత్రి నిద్ర పడుతోందా? ఇష్టమైన కూర వండితే తినాలనిపిస్తోందా? స్నేహితులు ఫోన్ చేస్తే మాట్లాడుతున్నారా? ఏదీ నచ్చని స్థితి రెండు వారాలు దాటి ఉంటే అది డ్రాయింగ్ టీచర్ తీర్చగలిగింది కాదు, డాక్టరుకు చెప్పుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు అక్కర్లేదు. అలాగే బొటనవేలి మొదట్లో గానీ మణికట్టులో గానీ నొప్పి, తిమ్మిరి ఉంటే ముందు దాన్ని చూపించుకోండి. నొప్పిగా ఉన్న చెయ్యి బొమ్మ అంటేనే వెనక్కి లాగుతుంది, మనం దాన్ని బద్ధకం అనుకుంటాం.

ఆ రెండూ లేవనుకుని మిగతాది చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్ గురించి రాసినప్పుడు దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగంలో పుట్టే పరిస్థితి అంది. ఒంట్లో శక్తి ఇంకిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, నా వల్ల కాదన్న భావం, ఈ మూడూ దాని గుర్తులు. ఉద్యోగానికి సంబంధించింది మీ స్కెచ్‌బుక్‌లోకి ఎలా వచ్చిందంటే, మీరు ఇష్టంతో మొదలుపెట్టినదాన్ని రెండో ఉద్యోగం చేసేసుకున్నారు. పగలు ఆఫీసులో టార్గెట్, రాత్రి ఇంట్లో టార్గెట్. రోజుకు ఇన్ని తలకాయలు, వారానికి ఇన్ని పేజీలు, క్యాలెండర్ మీద టిక్కులు. ఆఫీసులో కనీసం ఆదివారం సెలవు ఉంది, ఇక్కడ మీరు అది కూడా ఇచ్చుకోలేదు.

మీ ప్రశ్నలో చివరి రెండు వాక్యాలు నన్ను చాలా ఆలోచింపజేశాయి. రాజమండ్రి పక్కన మీ తాతయ్యగారి పెంకుటిల్లు, దాని అరుగు, వాకిట్లో జామచెట్టు, అవి గీయాలనే బొమ్మలు మొదలుపెట్టాను అన్నారు. "పర్‌స్పెక్టివ్ (దూరం, లోతు కంటికి కనిపించినట్టే కాగితం మీద చూపించడం) పూర్తిగా వచ్చాక గీస్తాను" అని కూడా రాశారు. అంటే ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంటిని ఒక్కసారి కూడా గీయలేదు. రెండు గంటల చొప్పున ఎనిమిది నెలలంటే దాదాపు 480 గంటలు. అందులో ఇంటికి పది నిమిషాలు కూడా దక్కలేదు. నాకు తెలిసినంతలో మీ అలసటకు అసలు కారణం ఇదే. ఎందుకోసం నేర్చుకుంటున్నారో దాన్ని మాత్రం ముట్టుకోకుండా, దాని కోసం ఎనిమిది నెలలు అర్హత పరీక్షలు రాసుకున్నారు.

మీరు పెట్టెలు గీసింది డ్రా ఎ బాక్స్ (Drawabox) అనే ఆన్‌లైన్ డ్రాయింగ్ పాఠాల్లోని 250 పెట్టెల అభ్యాసం అన్నారు కదా. ఆ పాఠాలు మంచివి, నా శిష్యులకు నేనూ చెబుతాను. కానీ అవి తయారుచేసినవాళ్లే మొట్టమొదట్లో ఒక నియమం పెట్టారు. బొమ్మలకు కేటాయించిన సమయంలో సగమే అభ్యాసానికి, మిగతా సగం ఊరికే ఇష్టమొచ్చింది గీసుకోవడానికి. అది రాకపోయినా సరే, చెత్తగా వచ్చినా సరే. చాలామంది ఆ మాట చదివి దాటేసి నేరుగా పెట్టెల్లోకి దూకుతారు. పెట్టెలైతే లెక్కపెట్టుకోవచ్చు, ఇవాళ ఇరవై అయ్యాయని తృప్తి ఉంటుంది. ఇష్టమొచ్చింది గీయడానికి లెక్క లేదు కాబట్టి అది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. మీరూ అదే చేసి ఉంటారని నా అనుమానం.

టాలెంట్ విషయం. ఎప్పుడైనా మనసు కుదుటపడ్డాక మీ మొదటి నెల పుస్తకం తీయండి. అప్పట్లో బాగా వచ్చాయనుకున్న తలకాయల్లో ఇప్పుడు కళ్లు నుదుటి మీదికి ఎక్కి ఉంటాయి, చెవులు ముందుకు జరిగి ఉంటాయి. అప్పుడు కనిపించని తప్పు ఇప్పుడు కనిపిస్తోందంటే మీ చూపు పెరిగింది. చూపు పెరిగినంత త్వరగా చెయ్యి పెరగదు, ఎవరికైనా అంతే. చెయ్యి వెనకబడిన ఆ కొన్ని నెలలూ వేసినవన్నీ చెత్తగానే కనిపిస్తాయి, నిజానికి అవి ముందు వేసినవాటికంటే మెరుగ్గా ఉంటాయి. డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు తయారయ్యే పిల్లల్లో ఇది ప్రతి ఏడూ చూస్తాను. పరీక్షకు రెండు నెలల ముందు బాగా వేసే పిల్లే వచ్చి "టీచర్, నాకు ఏమీ రావడం లేదు" అని ఏడుస్తుంది. పక్కన కూర్చున్న, బొమ్మలు సరిగ్గా రాని పిల్లవాడు హాయిగా ఉంటాడు, వాడికింకా తప్పులు కనపడటం మొదలవలేదు.

24 ఏళ్లకు మొదలుపెట్టాను, ఆలస్యమైందేమో అని కూడా రాశారు. వాన్‌గో బొమ్మలే తన దారి అని నిర్ణయించుకున్నది 1880లో, 27 ఏళ్లకు. మన దగ్గర వడ్డాది పాపయ్యగారు కశింకోటలో డ్రాయింగ్ మాస్టారిగా పనిచేస్తూనే చందమామ, యువ పత్రికలకు ముఖచిత్రాలు వేశారు. ఉద్యోగం ఉండటం బొమ్మలకు అడ్డం అని మీరు అనుకోవద్దు. నెల జీతం వస్తోంది కాబట్టి బొమ్మ మీద డబ్బు భారం పెట్టనక్కర్లేదు, అది ఎంత వెసులుబాటో పత్రికలకు బొమ్మలేసిన ఐదేళ్లలో నాకు బాగా తెలిసింది.

ఇప్పుడు నా సంగతి. నాకప్పుడు 26. వారానికి మూడు కథలకు బొమ్మలు, మంగళవారం సాయంత్రానికి అందించాలి. అది చాలదన్నట్టు రాత్రిళ్లు శరీర నిర్మాణం పుస్తకాలు ముందు పెట్టుకుని ఎముకలు, కండరాలు కాపీ చేసేదాన్ని. ఒక కథలో బావి దగ్గర బిందె ఎత్తుతున్న ఆవిడ బొమ్మ వేయాల్సి వచ్చింది. బిందె మెడను పట్టుకున్న వేళ్లు కుదరడం లేదు. చెరిపి వేశాను, మళ్లీ చెరిపి వేశాను. కాగితం నూగు లేచిపోయి ఇండియన్ ఇంకు పాకేదాకా చెరిపాను. చివరికి ఆ చేతిని పైటచెంగు వెనక దాచి పంపేశాను. అచ్చయింది, ఎవరూ ఏమీ అనలేదు. కానీ నేను చెయ్యి వేయలేక దాచేశానని నాకు తెలుసు. తర్వాతి వారం పెన్సిల్ పట్టుకుంటే అరచేతులకు చెమటలు పట్టాయి.

అప్పుడు నేను చేసిన తప్పు బలవంతంగా కూర్చోవడం. రెండు వారాలు రోజూ రాత్రి పదింటికి బల్ల ముందు కూర్చునేదాన్ని. గంట గడిచేది, కాగితం మీద ఏమీ ఉండేది కాదు. ప్రతి రాత్రీ ముందు రాత్రి కంటే కష్టంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, ఆ రెండు వారాల్లో నేను నేర్చుకున్నది ఒకటే, ఆ బల్లను చూస్తే భయపడటం. అందుకే బలవంతంగా కూర్చోవాలా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం వద్దు అని.

పత్రికవాళ్లకు ఒంట్లో బాగాలేదని చెప్పి మానేశాను. రెండు నెలలు పోయాక మా అన్నయ్య కూతురు సైన్సు చార్టు పట్టుకొచ్చి "అత్తా, మందారం భాగాలు వేసిపెట్టవా" అంది. తెల్లవారి స్కూల్లో ఇవ్వాలి. కాదనడానికి లేదు. పెరట్లోంచి ఒక పువ్వు కోసుకొచ్చి గ్లాసులో పెట్టి స్కెచ్ పెన్నులతో మొదలుపెట్టాను. దానికి అందం పనిలేదు, సరిగ్గా ఉంటే చాలు. అయిదు రేకులు, ఒక రేకు అంచు పక్క రేకు కిందికి పోవడం, మధ్యలో పొడుగ్గా లేచిన కేసరాల గొట్టం, దాని చివర ఎర్రగా అయిదు చిన్న బొడిపెలు. ఆ పిల్ల పక్కన నిలబడి బొడిపెలు అయిదూ వేశానా లేదా అని లెక్కపెట్టింది, అంతే. గీత బాగుందా అని చూడలేదు. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు. పని అయ్యాక చూసుకుంటే చేతికి చెమట లేదు. మర్నాడే అంతా బాగైపోలేదు, పత్రికలకు మళ్లీ వేయడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. కానీ ఎటు నుంచి తిరిగి రావాలో ఆ చార్టు దగ్గర తెలిసింది. పువ్వును చూస్తున్నంతసేపు నన్ను నేను చూసుకోలేదు.

కాబట్టి మీరు చేయగలిగింది ఇదీ అనుకుంటున్నాను.

ముందు పది రోజులు పూర్తిగా సెలవు. స్కెచ్‌బుక్, పెన్సిళ్లు కంటికి కనపడకుండా అలమరలో పెట్టేయండి. సెలవంటే బొమ్మలు వేయకపోవడం ఒక్కటే చాలదు, బొమ్మల వీడియోలు చూడటం కూడా ఆపాలి. మీరు ఈ మూడు వారాలూ వేయలేదు కానీ, రోజూ పడుకునే ముందు ఇన్‌స్టాలో ఇతరుల బొమ్మలు చూస్తున్నానని రాశారు. అది విశ్రాంతి కాదమ్మా. ఆరు గంటల పనిని నలభై సెకన్లకు కుదించిన వీడియో చూస్తే, అవతలివాళ్లు చెరిపిన గీతలు, వాళ్లు తలపట్టుకు కూర్చున్న అరగంట మీకు కనిపించవు. మీ రెండు గంటల్ని ఆ నలభై సెకన్లతో పోల్చుకుంటున్నారు. ఆ పది రోజులు ఆ అకౌంట్లు మ్యూట్ చేయండి. చేతులకు వేరే పని చెప్పండి. పువ్వులు మాల కట్టండి, చపాతీలు ఒత్తండి, కుండీల్లో మట్టి మార్చండి.

పది రోజుల తర్వాత స్కెచ్‌బుక్ తీయకండి. ఒక పలక, బలపం కొనుక్కోండి, చిన్నపిల్లలవే. ఇది నేను నా విద్యార్థుల చేత చాలాకాలంగా చేయిస్తున్నాను. పలక మీద వేసింది మిగలదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఫొటో తీయకూడదు, అదొక్కటే షరతు. మిగలదని తెలిసినప్పుడు చెయ్యి ఎంత తేలికవుతుందో చూడండి.

ఈ ఆలోచన నాకు మా అమ్మను చూసి వచ్చింది. "నాకు బొమ్మలేం వచ్చు" అనేది అమ్మ. ధనుర్మాసంలో తెల్లవారుజామున కళ్లాపి చల్లి, పదిహేను చుక్కలు పెట్టి, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్కలు నింపి, మెలికల ముగ్గు ఎక్కడా తడుముకోకుండా తిప్పేది. పిండి బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి సన్నగా జారుతుంటే భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలేది. ఏడింటికి పాలవాడి సైకిలు దాని మీదుగా పోయేది. అమ్మ ఒక్కనాడు కూడా అయ్యో అనలేదు, రేపు ఎలాగూ వేరేది వేయాలి. ఆవిడ గీత వణకడం నేను చూడలేదు. డ్రాయింగ్ క్లాసులో మేము ఏళ్ల తరబడి నేర్పే "భుజం నుంచి గీయండి" అన్నది ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

పలక మీద ఏం వేయాలంటే, వంటింట్లో స్టీలు గ్లాసు. రోజుకు పది నిమిషాలు. గ్లాసును బల్ల మీద మీ కంటికి కొంచెం కిందుగా పెట్టి, ముందు రెండు నిమిషాలు ఊరికే చూడండి. మూతి గుండ్రంగా ఉందని మనకు తెలుసు, కానీ కంటికి అది పడుకున్న కోడిగుడ్డులా కనిపిస్తుంది. చాలామంది ఆ రెండు చివర్లనూ బాదంకాయలా మొనదేలుస్తారు. దగ్గరగా చూస్తే అక్కడ మొన ఉండదు, గీత మెల్లగా ఒంపు తిరిగి వెనక్కి వెళుతుంది. ఇక అడుగు. అది బల్ల మీద ఆనుకుని ఉంది కదా అని తిన్నగా గీత గీసేస్తారు. కానీ అడుగు మీ కంటి మట్టానికి ఇంకా కిందుగా ఉంది, అందుకని అక్కడి ఒంపు మూతి ఒంపు కన్నా ఎక్కువగా ఉంటుంది. ఇది ఒకసారి పట్టుకున్నాక ఎక్కడ గ్లాసు కనపడినా, బకెట్ కనపడినా, చెంబు కనపడినా మీ కన్ను అడుగునే చూస్తుంది. పర్‌స్పెక్టివ్ అంటే ఇదే. 250 పెట్టెల్లో మీరు వెతికింది గ్లాసులోనూ ఉంది, పైగా దాంట్లో మంచినీళ్లు తాగొచ్చు కూడా.

పది నిమిషాలు అవగానే లేచిపోండి. బాగా వస్తున్నా సరే, ఇంకొంచెం వేయాలనిపిస్తున్నా సరే లేవండి. ఆ మిగిలిన కోరికే మర్నాడు మిమ్మల్ని కూర్చోబెడుతుంది. మీరు ఇన్నాళ్లూ విసుగు వచ్చేదాకా కూర్చుని, ఆ విసుగుతోనే పుస్తకం మూశారు, మర్నాడు పుస్తకం చూడగానే మొదట గుర్తొచ్చేది అదే. ఒక రోజు వేయకపోతే ఆ రోజును వదిలేయండి, మర్నాడు ఇరవై నిమిషాలు కూర్చుని బాకీ తీర్చకండి. క్యాలెండర్ మీద టిక్కులు పెట్టడం ఈ నెల వద్దు.

పలక మొదలుపెట్టిన రెండో వారంలో కాగితానికి రండి. ఆఫీసులో ఒక వైపు ప్రింటు తీసి పారేసే ఏ4 కాగితాలు చాలు. మంచి కాగితం కొనొద్దు, ఖరీదైన కాగితం చెయ్యిని బిగించేస్తుంది. పెన్సిల్, రబ్బరు వద్దు, బాల్‌పెన్ను తీసుకోండి. చెరపడానికి వీల్లేనప్పుడు తప్పు గీత అక్కడే ఉంటుంది, దాని పక్కనే సరైన గీత వేసుకుని ముందుకు పోతాం. కాగితం వైపు చూడకుండా వస్తువు అంచు వెంబడి కళ్లు నడిపిస్తూ గీయడం కూడా చేయండి. మీ ఎడమ చేతినే ఎదురుగా పెట్టుకుని అలా వేయండి. వంకరగా, వింతగా వస్తుంది. అలా రావాలి కూడా. చూడకుండా వేసినదానికి బాగుందా లేదా అన్న తీర్పు ఇవ్వడం కుదరదు, మీకిప్పుడు అవసరమైంది అదే.

కూర్చునే తీరు చెప్పడం మరిచాను. బల్ల మీద కాగితాన్ని పడుకోబెట్టి, మెడ వంచి రెండు గంటలు వేస్తే ఎవరికైనా మెడ పట్టేస్తుంది, పైగా కాగితం పైభాగం దూరంగా ఉండి బొమ్మ నిలువుగా సాగిపోతుంది. పరీక్ష ప్యాడ్‌ను ఒడిలో పెట్టుకుని బల్ల అంచుకు వాల్చుకోండి, కాగితం మీ ముఖానికి ఎదురుగా వస్తుంది. పెన్ను మొన దగ్గర కాకుండా కొంచెం పైన పట్టుకోండి. పట్టు సరిపోయిందో లేదో తెలియాలంటే, గీస్తుండగా ఎవరైనా పెన్ను లాగితే తేలిగ్గా జారి రావాలి.

నెల గడిచాక, వేయాలన్న కోరిక తిరిగి వచ్చిందనిపిస్తే అప్పుడు అభ్యాసాలు మళ్లీ మొదలుపెట్టండి, కానీ సగం సగం లెక్కన. అరగంట ఉంటే పావుగంట పాఠం, పావుగంట తాతయ్యగారి ఇల్లు. ఒక సమయంలో ఒక్క విషయమే పెట్టుకోండి. తలకాయలు, చేతులు, పర్‌స్పెక్టివ్, షేడింగ్ అన్నీ ఒకే వారంలో పెట్టుకుంటే ఏది మెరుగవుతోందో కనపడదు.

ఇంటి బొమ్మకు మాత్రం పర్‌స్పెక్టివ్ రావాలని ఆగకండి. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ అరుగు మీదే కూర్చుని, ఇల్లంతా వద్దు, పెంకుల చూరు ఒక్క మూల వేయండి. జామచెట్టు మొదలు వేయండి, పట్టలు పట్టలుగా ఊడి లోపల నున్నగా కనిపించే బెరడు బాల్‌పెన్నుకు చాలా బాగుంటుంది. ఎలాగూ రాజమండ్రి వెళతారు కాబట్టి చిత్రకారుడు దామెర్ల రామారావుగారి చిత్రశాలకు కూడా వెళ్లండి. ఆయన 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయారు. పెద్ద రంగుల చిత్రాల ముందు అందరూ నిలబడతారు, మీరు పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు ఉండండి. కింద వెతుకులాట గీతల్ని, వాటి మీద తేల్చుకున్న గీతను విడివిడిగా చూడటానికి ప్రయత్నించండి. ఫోన్‌లో చూసే బొమ్మలు ఇవ్వనిది అక్కడ దొరుకుతుంది.

ఇక కోర్సు. కట్టిన డబ్బు పోతుందనే టెన్షన్‌తో రెండు నెలల్లో 60 పాఠాలు పరిగెత్తించాలని చూడకండి, మళ్లీ ఇక్కడికే వస్తారు. ఇవాళే వాళ్లకు ఒంట్లో బాగాలేదు, మూడు నెలలు గడువు పెంచండి అని మెయిల్ పెట్టండి. అడిగితే ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. ఒప్పుకోకపోతే పాఠాల జాబితా చూసి ఇంటి బొమ్మకు పనికొచ్చేవి, చెట్లు, కప్పులు, నీడలు లాంటివి నాలుగో అయిదో ఎంచుకుని నెల తర్వాత అవి మాత్రమే చూడండి. చేతుల పాఠాలు వదిలేయండి. పలక మీద గ్లాసు ఎలా వచ్చిందో, అడుగు ఒంపు మీకు కనిపించిందో లేదో రాయండి. బొమ్మ పెట్టనక్కర్లేదు.